చీనీతోట కుదువ పెట్టి చదవాలా?

ఆ మధ్య కడప వెళ్ళినప్పుడు, వేంపల్లె దగ్గర పల్లెలో ఉన్న పాత స్నేహితుని ఇంట్లో ఒక పూట గడిపాను. కుశలప్రశ్నలు ముగియకముందే ఆయన ఒక కాగితం నా చేతిలో పెట్టాడు.

"చూడన్నా, మా పాప వేసిన లెక్క. ముప్పై లక్షలంట!"

పాప దంతవైద్యం చదివింది. సొంతంగా ఆసుపత్రి పెట్టడానికి పెట్టుబడి లేదు. అమెరికా వెళ్ళి ఎం.పి.హెచ్. చదువుతానంటుంది. ప్రజారోగ్యంలో రెండేళ్ళ పెద్ద చదువు అది. అప్పుకు బ్యాంకువారు హామీ అడుగుతున్నారు. హామీగా పెట్టడానికి ఆ ఇంట్లో ఉన్నది మూడెకరాల చీనీతోట ఒక్కటే.

"రోగం వస్తే మందిచ్చేదానికి డాక్టర్లు ఉండారు. రాకుండా చూసేదానికి ఇంగో చదువు యాల?" అన్నాడు స్నేహితుడు.

పాప బదులు చెప్పలేదు. గడప దగ్గర కూర్చున్న అవ్వ కాలివైపు చూపించింది. మోకాలి కింద పాత మచ్చ ఒకటి ఉన్నది. నారికురుపు మచ్చ! అవ్వ చిన్నతనంలో ఊరంతా దిగుడుబావి నీళ్ళే తాగేవారు. ఆ నీటిలోని కంటికి కనిపించీ కనిపించని పురుగులతో పాటు నారిపురుగు పిల్లలు కడుపులోకి పోయేవి. ఏడాది తిరిగేసరికి మూరెడు పొడవు పురుగు కాలిని చీల్చుకొని బయటికి వచ్చేది. దానికి టీకా లేదు, మందూ లేదు. నీళ్ళు గుడ్డతో వడగట్టించారు. దిగుడుబావుల మెట్లు మూయించారు. ఊరూరా తిరిగి రోగులను లెక్కపెట్టారు. 1996లో మన దేశంలో చివరి కేసు కనిపించింది. 2000లో ప్రపంచ ఆరోగ్యసంస్థ భారతదేశానికి నారికురుపు పీడ విరగడ అయిందని ప్రకటించింది. అదీ ప్రజారోగ్యశాస్త్రం చేసే పని!

కనుక ఆ చదువు విలువను శంకించవలసిన పనిలేదు. కాని లోకానికి చేసే మేలు వేరు, చదివినవారి చేతికి వచ్చే జీతం వేరు. ఈ రెండు లెక్కలనూ కలిపి చూసుకున్నవారు అప్పుల్లో పడతారు.

ఆ కాగితాన్ని ముందు పెట్టుకొని ముగ్గురమూ కూర్చున్నాం. బ్యాంకు వడ్డీ నూటికి ఏడాదికి పది అనుకున్నాం. అంటే నెలకు నూటికి ఎనభైమూడు పైసలు. రెండు రూపాయల వడ్డీకి అలవాటుపడిన పల్లెకు అది చవకగానే తోస్తుంది. కాని చదువు రెండేళ్ళు, ఆ పైన గడువు ఒక ఏడు - ఈ మూడేళ్ళలో, మొత్తం మొదటే తీసుకుంటే, ముప్పై లక్షల మీద తొమ్మిది లక్షల వడ్డీ పేరుకుంటుంది. ఆ ముప్పైతొమ్మిది లక్షలను పదేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 51,500 రూపాయలు కట్టాలి. అదే అయిదు లక్షల అప్పయితే నెలవాయిదా 8,600 దాటదు.

"అమెరికాలో ఉద్యోగం వస్తే ఆ వాయిదా ఏ పాటిది, మామా?" అన్నది పాప.

నిజమే, వస్తే! చదువు ముగిశాక అక్కడ పనిచేయడానికి ఏడాది గడువు ఇస్తారు. 2016లో వచ్చిన నిబంధన ప్రకారం సాంకేతిక శాస్త్రాలుగా లెక్కకు వచ్చే చదువులకు మరి రెండేళ్ళు పొడిగింపు ఉన్నది. రోగవ్యాప్తి శాస్త్రం, జీవగణాంక శాస్త్రం ఆ జాబితాలోవి. మామూలు ప్రజారోగ్య పట్టం సాధారణంగా అందులోకి రాదు. పేరు ఒకటే అయినా శాఖను బట్టి రెండేళ్ళ తేడా! పైగా ఈ రంగంలో అనేక ఉద్యోగాలు విరాళాల మీద నడిచేవి. 2025 జులైలో అమెరికా తన అంతర్జాతీయ అభివృద్ధి సంస్థను మూసివేసినప్పుడు ఎన్నో దేశాలలో ఆరోగ్య పథకాలు ఆగిపోయినవి.

ఇంటికి తిరిగివస్తే? అంటురోగాల నిఘా కోసం 2004లో మొదలైన పథకంలోనూ, జాతీయ ఆరోగ్య మిషన్‌లోనూ ఉద్యోగాలు ఉన్నవి. చాలావరకు కాంట్రాక్టువి. పై పదవులు అనేకం ఎం.బి.బి.ఎస్. చదివినవారినే కోరుతాయి.

అప్పటిదాకా మౌనంగా ఉన్న స్నేహితుడు అన్నాడు: "శెనిక్కాయ వేసేటప్పుడు బాగా పండిన ఏడును చూసి అప్పు చేస్తే మునుగుతాం పాపా. వాన రాని ఏడు తీర్చగలమా అని చూసుకోవల్ల."

నేను చెప్పదలచిన దానిని ఆయనే నాకంటే బాగా చెప్పాడు. ఇక్కడి కాంట్రాక్టు జీతంలో మూడో వంతుకు మించని వాయిదా ఏదో అంతే అప్పు చేయాలి. ఆ అప్పుకు తగిన చదువు మన దేశంలోనే ఉన్నది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ 1997 నుంచి ఈ పట్టం చెబుతున్నది. హైదరాబాదులో కేంద్ర విశ్వవిద్యాలయం ఉన్నది. 2024లో వచ్చిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకం కింద, జాబితాలోని మేటి సంస్థలలో సీటు వస్తే పూచీ లేకుండా అప్పు ఇస్తారు. ఏటా ఎనిమిది లక్షలలోపు ఆదాయం ఉండి, వేరే ప్రభుత్వ సాయం పొందని కుటుంబాలకు, పది లక్షల వరకు అప్పు మీద గడువుకాలపు వడ్డీలో మూడు శాతం ప్రభుత్వమే భరిస్తుంది.

ఏ కళాశాలలో చేరబోయినా నిరుడు అక్కడ చదివి వెళ్ళిన నలుగురిని పట్టుకొని మూడు సంగతులు అడగండి: ఏ ఉద్యోగం వచ్చింది? ఎన్ని నెలలకు వచ్చింది? చేతికి ఎంత వస్తున్నది? కళాశాలవారు అచ్చువేసే రంగుల పుస్తకంలో ఈ జవాబులు దొరకవు.

పాప చాలాసేపు లెక్కలు వేసింది. ఆఖరికి కాగితం మీది ముప్పైని కొట్టివేసి అయిదు అని రాసింది. రెండేళ్ళు ఇక్కడ పనిచేశాక విదేశం సంగతి మళ్ళీ చూస్తానన్నది. స్నేహితుడు ఏమీ అనలేదు. తోట పత్రాలు తీసుకొనిపోయి పెట్టెలో పెట్టి, తాళం వేసి వచ్చాడు.

"దరఖాస్తుకు ఆఖరి తేదీ ఎప్పుడో కనుక్కో పాపా" అన్నాడు.