మూతపడే దుకాణంలో మేలైన కారు

తయారు చేసిన కంపెనీయే వదులుకున్న కారు తక్కువ ధరకు దొరుకుతున్నది. కొనాలా, మానాలా? 2009 వేసవిలో అమెరికాలో ఎందరినో నిలదీసిన ఈ ప్రశ్న నేడు మన షోరూములలో నిలబడేవారికీ కొత్తది కాదు.

2009 ఏప్రిల్ 27, సోమవారం. అప్పులతో తలమునకలై ఉన్న జనరల్ మోటార్స్ కంపెనీ ఆనాడు ఒక ప్రకటన చేసింది. 1926లో పుట్టి, ఎనభై మూడేళ్ళుగా అమెరికా రోడ్లపై తిరుగుతున్న పాంటియాక్ అనే పేరు 2010 చివరికల్లా కనుమరుగు కాబోతున్నదని దాని సారాంశం. 1964లో జి.టి.ఓ. అనే కారుతో కుర్రకారును ఉర్రూతలూగించిన పేరు అది. దాని కథ అంతటితో ముగిసింది.

అయితే షోరూముల ఆవరణలలో ఆ నాటికి ఇంకా కొత్త పాంటియాక్‌లు వరుసలు తీరి ఉన్నాయి. వాటిలో ఒకటి జి8. కారుల మంచిచెడ్డలు ఎరిగినవారు దానిని చూసి, ఆ పేరుతో ఏళ్ళ తరబడి వచ్చిన వాటిలో ఇదే ఉత్తమమైనదని మెచ్చుకున్నారు. అంతటి కారు ఇప్పుడు అసలు ధర మీద వేల డాలర్ల తగ్గింపుతో దొరుకుతున్నది. కారు చూస్తే ముచ్చటగా ఉన్నది, ధర చూస్తే ఆశగా ఉన్నది, కంపెనీని చూస్తే భయంగా ఉన్నది. కొనదలచినవాడి సంకటమంతా ఈ మూడింటి నడుమనే.

ఒకే కారులో ఇద్దరు మనుషులు

స్పోర్ట్స్ సెడాన్ అనే మాటలోనే ఒక రాజీ ఉన్నది. నాలుగు తలుపులు, వెనుక పిల్లలు కూర్చునే చోటు, సామానుకు డిక్కీ. ఇంతవరకు అది సంసారి కారు. ఆ పైన బలమైన ఇంజను, మలుపులలో నేలను విడువని చక్రాలు, చేతికి మాట వినే స్టీరింగు. ఇది ఇంకా ముసలితనాన్ని ఒప్పుకోని మనిషి కారు. ఉదయం బిడ్డలను బడి దగ్గర దించేది, ఖాళీ రోడ్డు కనబడగానే యాక్సిలరేటరు మీద పాదం మోపేది ఒకడే. ఆ ఇద్దరికీ కలిపి ఒకే కారు.

జి8 నిజానికి అమెరికాలో పుట్టినది కాదు. ఆస్ట్రేలియాలోని జనరల్ మోటార్స్ శాఖ హోల్డెన్ 2006లో కమడోర్ అనే కారును కొత్తగా రూపొందించింది. అందుకైన ఖర్చు వంద కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల పైమాటే. దక్షిణ ఆస్ట్రేలియాలోని ఎలిజబెత్ కర్మాగారంలో ఆ కారుకే ఎడమవైపు స్టీరింగు అమర్చి, పాంటియాక్ ముఖం తొడిగి, ఓడలకెక్కించి 2008లో అమెరికాకు పంపారు. సాదా రకంలో 3.6 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, 256 అశ్వశక్తి. జి.టి. రకంలో 6 లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజను, 361 అశ్వశక్తి. అన్నిటికన్నా మేటి అయిన జి.ఎక్స్.పి. రకంలో 6.2 లీటర్లు, 415 అశ్వశక్తి. జి.టి. ధర సుమారు 30,000 డాలర్లు. అంత బలం, వెనుక చక్రాలను నడిపే అమరిక గల ఐరోపా కార్లకు అంతకు ఎంతో ఎక్కువ చెల్లించవలసి వచ్చేది.

మరి అంత మంచి కారు ఎందుకు చౌక అయింది? ముహూర్తం మంచిది కాకపోవడం వల్ల. ఆ కారు అమెరికా రేవులు చేరిన కొద్ది నెలలకే, 2008 జూలైలో, అక్కడ పెట్రోలు సగటు ధర గ్యాలనుకు 4.11 డాలర్లకు ఎగబాకింది. సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. బ్యాంకులు అప్పులివ్వడానికి వెనుకాడాయి. కారు చెడ్డదై గిరాకీ తగ్గడం వేరు, కాలం చెడ్డదై గిరాకీ తగ్గడం వేరు. చౌక ధర ఎదురైనప్పుడు కొనేవాడు ముందుగా తేల్చుకోవలసినది ఈ తేడానే.

మన పశువుల సంతలలో అనుభవజ్ఞుడైన రైతు ఈ పని ఎప్పటినుంచో చేస్తున్నాడు. ఎద్దు పళ్ళు చూస్తాడు, సుడులు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. వీటన్నిటితో పాటు, అమ్మేవాడు ఎందుకు అమ్ముతున్నాడో వాకబు చేస్తాడు. అది తేలిన తరువాతే తువ్వాలు చాటున వేళ్ళు పట్టుకొని బేరానికి దిగుతాడు.

బేరంలోని రెండు సంతోషాలు

రిచర్డ్ థేలర్ అనే ఆర్థిక శాస్త్రవేత్త 1985లో ప్రకటించిన ఒక వ్యాసంలో కొనుగోలు వల్ల కలిగే తృప్తిని రెండుగా విడదీశాడు. వస్తువు వల్ల కలిగే తృప్తి ఒకటి. బేరం వల్ల కలిగే తృప్తి మరొకటి. ఇరవై రూపాయల వస్తువు పదిహేనుకు దొరికితే, అది మనకు అక్కరలేనిదైనా ఒక గెలుపు గెలిచినట్లుంటుంది. అందుకే బీరువాలలో కట్టని చీరలు, వేసుకోని చొక్కాలు పేరుకుపోతాయి. ఇటువంటి పరిశీలనలకు గాను 2017లో థేలర్‌కు నోబెల్ బహుమతి లభించింది.

ఈ రెండు తృప్తులలో మొదటిది కారుతో పాటు ఏళ్ళ తరబడి నిలుస్తుంది. రెండవది తాళంచెవి చేతికి వచ్చిన వారానికే ఆవిరైపోతుంది. నెలసరి వాయిదాలు మాత్రం అలాగే మిగులుతాయి. కాబట్టి షోరూములో నిలబడినవాడు తనను తాను అడుగవలసిన ప్రశ్న “ఎంత తగ్గింది?” అన్నది కాదు. “ఈ తగ్గింపు లేకపోతే నేను ఏమి కొని ఉండేవాడిని?” అన్నది.

ఆ ప్రశ్న విలువ లెక్క వేస్తే తెలుస్తుంది. జి.టి. మీద 5,000 డాలర్లు తగ్గించారని అనుకుందాం. ఆ కారు పట్టణపు రద్దీలోను, బయటి రోడ్డు మీద కలిపి గ్యాలనుకు సుమారు 18 మైళ్ళు నడిచేది. అదే మనిషి నిజానికి కొనదలచినది గ్యాలనుకు 25 మైళ్ళు నడిచే మామూలు సంసారి కారు అనుకుందాం. ఏడాదికి 12,000 మైళ్ళు తిరిగితే మొదటిది 667 గ్యాలన్లు తాగుతుంది, రెండవది 480. తేడా 187 గ్యాలన్లు. గ్యాలను రెండున్నర డాలర్లయితే ఏడాదికి 467 డాలర్లు, నాలుగు డాలర్లయితే 748. పదేళ్ళు గడిచేసరికి ఆ 5,000 డాలర్లూ దాదాపుగా పెట్రోలు టాంకులోనే కాలిపోతాయి. బీమా, టైర్లు, బ్రేకుల అదనపు ఖర్చు ఇంకా లెక్కకు రానేలేదు. ఏనుగును కొన్నవాడికి అంకుశం ఖర్చు తప్పదు.

ఇక రెండవ మనిషిని చూడండి. అతడు ఎలాగూ స్పోర్ట్స్ సెడానే కొనదలచి, ఐరోపా కారు కోసం డబ్బు కూడబెట్టుకున్నాడు. అతడు ఏది కొన్నా అంత పెట్రోలూ పోయవలసిందే. అతడికి 5,000 డాలర్లు నిజంగా మిగిలినట్లే. ఒకే కారు, ఒకే ధర. ఒకరికి లాభం, మరొకరికి నష్టం.

అనాథ అయిన బండి

కొత్త కారు షోరూము గుమ్మం దాటగానే విలువ కోల్పోతుందన్నది అందరికీ తెలిసినదే. ఇది ఎందుకు జరుగుతుందో వివరిస్తూ జార్జ్ ఆకర్లాఫ్ 1970లో రాసిన వ్యాసం ప్రసిద్ధి పొందింది. కొద్ది నెలలకే అమ్మకానికి వచ్చిన కారును చూసి, దీనిలో ఏదో లోపం ఉండబట్టే అమ్ముతున్నాడని కొనేవాడు శంకిస్తాడు. ఆ శంకే ధరను దిగలాగుతుంది. ఈ పరిశోధన ఆకర్లాఫ్‌కు 2001లో నోబెల్ బహుమతిని తెచ్చిపెట్టింది. కన్నవారే లేని బండి విషయంలో ఈ శంక రెండింతలవుతుంది. రెండు మూడేళ్ళలో అమ్మదలచినవాడికి ముందు దొరికిన రాయితీ వెనుక వచ్చే నష్టంలో కలిసిపోయే ప్రమాదం ఉన్నది. పదేళ్ళు ఉంచుకునేవాడికి తిరిగి అమ్మే ధర పెద్ద విషయం కాదు. అతడి బెంగంతా మరమ్మతు గురించే.

వారంటీ విషయంలో ఒక భరోసా ముందే వచ్చింది. 2009 మార్చి 30న అధ్యక్షుడు ఒబామా, జనరల్ మోటార్స్, క్రైస్లర్ కార్ల వారంటీలకు ప్రభుత్వమే అండగా నిలుస్తుందని ప్రకటించాడు. జూన్ 1న జనరల్ మోటార్స్ దివాలా రక్షణ కోరింది. జూలై 10న కొత్త కంపెనీగా బయటకు వచ్చి, పాత వారంటీల బాధ్యతను తలకెత్తుకున్నది. ఇంజనుకు, గేరు పెట్టెకు ఐదేళ్ళు లేదా లక్ష మైళ్ళ హామీ నిలిచింది.

విడిభాగాల సంగతి అంత సూటిగా లేదు. జి8 ఎనిమిది సిలిండర్ల ఇంజనూ, దాని గేరు పెట్టె జనరల్ మోటార్స్ ట్రక్కులలో వాడే వాటికి దగ్గరి చుట్టాలే. వాటి భాగాలకు కొరత రాదు. కాని బంపరు, తలుపు, దీపాలు, లోపలి బిగింపులు ఆస్ట్రేలియా నుంచి రావలసిందే. ఇంజను పాడైతే వారంలో బాగుపడే బండి, గోడకు గీసుకుంటే నెలలు నిలిచిపోవచ్చు. అనాథ బండిని కొనదలచినవాడు “ఏ భాగం ఎవరి చుట్టం?” అని విచారించి తీరాలి. దాని మంచీచెడూ ఎరిగిన మెకానిక్ ఊళ్ళో ఉన్నాడా అన్నది ఆ వెంటనే అడుగవలసిన మాట. 2009 మేలో జనరల్ మోటార్స్ సుమారు 1,100 మంది డీలర్లకు ఒప్పందం పొడిగించబోమని తెలియజేసింది. కారు అమ్మిన దుకాణమే మరుసటి ఏడాదికి ఉంటుందో లేదో తెలియని రోజులవి.

కారు కన్నా ముందు కొలువు

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న షోరూములో కాదు, ఇంట్లో ఉన్నది. 2009 అక్టోబరులో అమెరికాలో నిరుద్యోగం 10 శాతానికి చేరింది. జీతం ఉంటుందో ఊడుతుందో తెలియనివాడికి ఏ తగ్గింపూ తగ్గింపు కాదు. ఈ భయాన్ని కంపెనీలూ గుర్తించాయి. ఏడాదిలోగా ఉద్యోగం పోతే కారును తిరిగి ఇచ్చేయవచ్చునని 2009 జనవరిలో హ్యుందాయ్ ప్రకటించింది. ఉద్యోగం పోయినవారి వాయిదాలను నెలకు 500 డాలర్ల వరకు, తొమ్మిది నెలల దాకా తామే కడతామని జనరల్ మోటార్స్ ముందుకు వచ్చింది. అమ్మేవాడే అటువంటి హామీ ఇవ్వవలసి వచ్చిందంటే, కొనేవాడు ఎంత జాగ్రత్త పడాలో వేరే చెప్పనక్కరలేదు.

మన షోరూములలో

ఇదంతా దూరదేశపు ముచ్చట అనుకోవడానికి వీలులేదు. 2017 మేలో అదే జనరల్ మోటార్స్, ఆ ఏడాది చివరికి భారతదేశంలో షెవర్లే కార్ల అమ్మకం ఆపివేస్తామని ప్రకటించింది. 2021 సెప్టెంబరు 9న ఫోర్డ్ ఇక్కడి తయారీకి స్వస్తి చెప్పింది. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు బి.ఎస్.3 వాహనాల అమ్మకాన్ని ఏప్రిల్ 1 నుంచి నిషేధించగా, మిగిలిన రెండు రోజులలో దుకాణాల ముందు జనం బారులు తీరారు. ఎస్.యు.వి.ల మోజులో సెడాన్లకు గిరాకీ తగ్గిన ఈ రోజులలో ఏడాది చివర వాటి మీద రాయితీలు సర్వసాధారణమయ్యాయి.

అటువంటి రాయితీ ఎదురైనప్పుడు గమనించవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. కారు ఏ నెలలో, ఏ సంవత్సరంలో తయారైనదో ముందు చూడాలి. ఆ వివరం రిజిస్ట్రేషను పత్రంలోకి ఎక్కుతుంది. డిసెంబరులో కొన్న కారు జనవరిలో పాత ఏడాది కారైపోతుంది. తిరిగి అమ్మే నాడు కొనేవాడు చూసేది ఆ ఏడాదినే. బీమా కంపెనీలు సాధారణంగా ఆరు నెలలలోపు కారు విలువలో 5 శాతం, ఏడాదిలోపు 15 శాతం, రెండవ ఏడాది 20 శాతం తగ్గించి లెక్క కడతాయి. ఇవ్వజూపిన రాయితీ ఈ తరుగు కన్నా మించినదా, కాదా అని చూసుకుంటే దాని అసలు స్వరూపం బయటపడుతుంది. ఆవరణలో నెలల తరబడి ఎండకు ఎండిన బండి అయితే టైర్లు, బ్యాటరీ పరీక్షించాలి. రద్దీ రోడ్డులోను, ఖాళీ రోడ్డులోను, వెనుక సీటులో ఇంటివారిని కూర్చోబెట్టుకొని నడిపి చూడాలి. ఆ పైన ఒక రాత్రి నిద్రపోయి, తెల్లవారిన తరువాత సంతకం చేయాలి. “ఈ ధర ఈ రోజుకే” అన్న మాట అమ్మేవాడి అవసరమే కాని, కొనేవాడి అవసరం కాదు.

కథకు ముగింపు

జి8 మళ్ళీ రాలేదు. దాని తోబుట్టువు షెవర్లే ఎస్.ఎస్. పేరుతో 2013లో అమెరికా చేరి, 2017తో నిలిచిపోయింది. అదే ఏడాది అక్టోబరు 20న ఎలిజబెత్ కర్మాగారం మూతపడింది. 2020 ఫిబ్రవరిలో హోల్డెన్ అనే పేరుకే తెర దించుతున్నట్లు ప్రకటన వెలువడింది. పేరు పోయింది, పుట్టినిల్లు పోయింది, తల్లి పేరూ పోయింది.

కాని కార్లు పోలేదు. రెండు వేల లోపే తయారైన జి.ఎక్స్.పి. రకాన్ని అభిమానులు నేటికీ వెతికి కొంటున్నారు. ఏనుగు బ్రతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్న సామెత దానికి సరిపోయింది. అయితే ఆ సంగతి 2009లో షోరూములో నిలబడినవాడికి తెలిసే అవకాశం లేదు. దాని మీద పందెం కాసి కారు కొనడం కొనుగోలు కాదు, జూదం.

అతడికి ఆనాడు తెలిసినవి కొన్నే. తన జీతం ఎంత నిలకడగా ఉన్నదో తెలుసు. ఆ కారును ఎన్నేళ్ళు ఉంచుకోదలచాడో తెలుసు. ధర చీటీని చేత్తో మూసిపెట్టి చూసినా ఆ కారు మీద మనసు నిలుస్తుందో లేదో తెలుసు. నిర్ణయానికి అవి చాలు. చీటీ మూస్తే మనసు మళ్ళిపోయేవాడు చీటీనే ప్రేమించాడన్న మాట. అతడు చేతులు జేబులో పెట్టుకొని ఇంటికి తిరిగి వెళ్ళినా పోగొట్టుకున్నది ఏమీ లేదు.