చక్రమును నిలుపు స్టడ్డులు

పటాన్‌చెరు నుండి సంగారెడ్డికిఁ బోవు 65వ నంబరు జాతీయ రహదారిపై మనము నిత్యము వాహనములను జూచుచున్నాము. వాని చక్రములను హబ్బునకుఁ బట్టియుంచునవి స్టడ్డులు. నట్టును బిగింపఁగా స్టడ్డు రవంత సాగి చక్రమును హబ్బునకు నొక్కును. ఆ నొక్కుడే చక్రమును నిలుపును. ఒకటి విఱిగినచో దాని భారము తక్కినవానిపైఁ బడును. అవియు విఱిగి చక్రమే యూడిపోవచ్చును.

కారు స్టడ్డును ఇంట మార్చువారు బండిని సమతలమున నిలిపి, తక్కిన చక్రములకు రాళ్లు అడ్డుపెట్టి, జాకీతో నెత్తి, స్టాండుపై నుంచవలెను. జాకీని మాత్రమే నమ్మరాదు. చక్రమును, బ్రేకుడ్రమ్మును దీసి, పాతదానిని సుత్తితో వెనుకకుఁ గొట్టి, అదే కొలతగల క్రొత్తదానిని వెనుకనుండి దూర్చి, వాషరులుంచి, నట్టుతో లాగి కూర్చుండఁబెట్టవలెను. నట్టులను మొదట వ్రేళ్లతోఁ ద్రిప్పి, పిదప ఎదురెదురుగా బిగింపవలెను. వంకరగా నెక్కిన నట్టు మరలను దినివేయును. నూఱు కిలోమీటరులు నడచిన పిమ్మట బిగింపును మరల సరిచూడుఁడు.