పెట్టె అడుగున పటాలం ఫోటోలు: వెనకవైపు తెలుగు చదవగలిగినవారు ఉండగానే

మన ఇళ్లలో ట్రంకు పెట్టెల అడుగున, పాత పొలం కాగితాల మధ్య, ఇప్పటికీ కొన్ని ఫోటోలు బయటపడుతున్నాయి. ఖాకీ నిక్కరు, నడుముకు బెల్టు, భుజం మీద ఏదో గుర్తు, వెనక స్టూడియో పరదా. ఆయన "మిలిటరీ తాత" అని మాత్రం అందరికీ తెలుసు. ఏ యుద్ధం, ఏ పటాలం, ఏ దేశం అని అడిగితే చెప్పగలిగేవారు ఇంటికి ఒకరో ఇద్దరో మిగిలారు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి భారత సైన్యంలో సుమారు 25 లక్షల మంది ఉన్నారు. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి, మైసూరు నుంచి వెళ్లినవారిలో మనవాళ్లూ ఉన్నారు. బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాస్ శాపర్స్‌లో తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ యువకులు కలిసి పనిచేశారు. ఉత్తర ఆఫ్రికా, ఇటలీ, బర్మాలలో వంతెనలు కట్టారు, మందుపాతరలు తీశారు. తుపాకీ పట్టినవారే కాదు, లారీ నడిపినవారు, వంటవారు, ఆసుపత్రి సిబ్బంది కూడా ఆ యుద్ధంలో ఉన్నవారే. వారి ఫోటోలనూ అంతే జాగ్రత్తగా దాచుకోవాలి.

ముందు వెనక్కి తిప్పండి

ఫోటోలో ముఖం ఎంత ముఖ్యమో, వెనక రాసిన నాలుగు ముక్కలూ అంతే ముఖ్యం. ఆ రాత చాలాసార్లు తెలుగులోనే ఉంటుంది. మన పిల్లలు చదివింది తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీ బడుల్లో. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ, పాత గొలుసుకట్టు రాత చూస్తే ఆగిపోతారు. ఆ రాతను చదవగలిగిన అవ్వ, పెదనాయన ఉన్నప్పుడే చదివించి, అందులో ఉన్నది ఉన్నట్టు రాసి పెట్టుకోవాలి. వారు వెళ్లిపోయాక ఫోటో ఉంటుంది, మనిషి ఎవరో తెలియదు.

స్టూడియో ముద్ర ఉంటే ఊరు తెలుస్తుంది. అయితే ఒక జాగ్రత్త. రంగూన్ ముద్ర ఉన్నంత మాత్రాన సైనికుడని అనుకోకూడదు. 1942కు ముందు రంగూన్ ఓడరేవులో, మిల్లుల్లో వేలాది తెలుగువారు పనిచేసేవారు. యానాం దగ్గరి కోరంగి రేవు పేరు మీదే అక్కడ మనవాళ్లను "కోరంగీలు" అనేవారు. కాబట్టి ముద్రతో పాటు దుస్తులు కూడా చూడాలి. ఇక యుద్ధభూమి నుంచి వచ్చిన ఉత్తరాల మీద ఊరి పేరుకు బదులు ఫీల్డ్ పోస్టాఫీసు నంబరు ఉంటుంది. ఆ కవరును పారేయకండి. తపాలా చరిత్ర తెలిసినవారు ఆ నంబరును, తేదీని కలిపి చూసి ఆ దళం అప్పుడు ఎక్కడుందో చెప్పగలరు.

భుజం మీది గుర్తు

నలుపు తెలుపు ఫోటోలో కూడా భుజం మీది బొమ్మను పోల్చుకోవచ్చు. గద్ద ఉంటే 4వ డివిజన్: ఆఫ్రికా, ఇటలీ. నల్ల పిల్లి ఉంటే 17వ డివిజన్, బాకు ఉంటే 19వ డివిజన్: ఇవి రెండూ బర్మాలో పోరాడినవి. పతకం ఉంటే దాని రిబ్బనును కూడా ఫోటో తీయండి. మధ్యలో వెడల్పాటి ఎర్ర పట్టీ, రెండు పక్కలా నీలం, ఆ నీలంలో సన్నని నారింజ గీత ఉంటే అది బర్మా స్టార్. మొదటి ప్రపంచ యుద్ధపు వెండి పతకమైతే, దాని అంచు మీద సైనికుడి నంబరు, పేరు, దళం చెక్కి ఉంటాయి. మెరుగు పెట్టిస్తే ఆ అక్షరాలు అరిగిపోతాయి.

పేరు ఎక్కడ వెతకాలి

యుద్ధంలో చనిపోయినవారి వివరాలు కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. సమాధి లేనివారి పేర్లు స్మారకాల మీద ఉంటాయి. రంగూన్ దగ్గర టాక్యాన్‌లోని స్మారకం మీదే సుమారు 27 వేల పేర్లున్నాయి. వెతికేటప్పుడు మన ఇంటిపేరుతో మొదలుపెడితే తరచూ దొరకదు. అప్పటి గుమాస్తా విన్నట్టు రాసుకున్న పేరే అక్కడ ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలను రెండు మూడు రకాలుగా మార్చి చూడండి. చాలా నమోదుల్లో తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి. జిల్లాను మాత్రం అప్పటి లెక్కలోనే చూడాలి. బరంపురం ఉన్న గంజాం 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోది. బళ్లారి 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. హోసూరు, కృష్ణగిరి అప్పట్లో సేలం జిల్లా.

తిరిగి వచ్చినవారి పేర్లు ఆ జాబితాలో ఉండవు. వారికి డిశ్చార్జి పుస్తకం, పింఛను కాగితాలే ఆధారం. అందులోని సైనిక నంబరుతో ఆ రెజిమెంటు రికార్డు కార్యాలయానికి రాయవచ్చు. మద్రాస్ శాపర్స్‌కు బెంగళూరు, మద్రాస్ రెజిమెంటుకు నీలగిరుల్లోని వెల్లింగ్టన్. దారి తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. యానాం కుటుంబాల దారి వేరు. ఫ్రెంచి సైన్యంలో పనిచేసినవారి కాగితాలను ఫ్రాన్సులోని సైనిక భాండాగారాల్లో వెతకాలి.

ఇంట్లో చెప్పుకోని కథలు

1942 ఫిబ్రవరిలో సింగపూర్ పడిపోయినప్పుడు సుమారు 40 వేల మంది భారత సైనికులు జపాన్‌కు పట్టుబడ్డారు. వారిలో కొందరు ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు, కొందరు చేరక చెరలోనే ఉన్నారు. ఇలాంటి సంగతులను కొన్ని ఇళ్లలో గర్వంగా చెప్పారు, కొన్ని ఇళ్లలో భయంతో దాచారు. తాత తెల్లవాడి కొలువు చేశాడా, దేశం కోసం పోరాడాడా అని మనం తీర్పు చెప్పనక్కర్లేదు. కరువులో ఇల్లు గడవడానికి పటాలంలో చేరి ఉంటే అదే రాయండి. చెప్పినవారి పేరు, చెప్పిన తేదీ పక్కన వేయండి. విన్న మాట వేరుగా, కాగితంలో ఉన్న మాట వేరుగా ఉంచండి.

పాడుకాకుండా

ఫోటోను లామినేషన్ చేయించకండి, జిగురు పేజీల ఆల్బంలో అంటించకండి. అద్దానికి అతుక్కుపోయి ఉంటే పీకకుండా అద్దం మీదనుంచే స్కాన్ చేయండి. వెనక రాయాలంటే మెత్తటి పెన్సిలే వాడండి, బాల్‌పెన్ వద్దు. వంటింటి ఆవిరి, అటక వేడి తగలని చోట, ఆమ్లం లేని కాగితపు కవర్లలో పెట్టండి. రెండు వైపులా కనీసం 600 డీపీఐలో స్కాన్ చేసి మూడు ప్రతులు ఉంచండి. వాటిలో ఒకటి వేరే ఊళ్లో ఉన్న బంధువు దగ్గర ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో నాణ్యత తగ్గుతుంది, దాన్ని అసలు ప్రతిగా లెక్కపెట్టకండి.

ఈ పనికి పెద్ద ఖర్చు లేదు, కానీ గడువు ఉంది. ఈసారి పండక్కో పెళ్లికో అందరూ కలిసినప్పుడు ఒక్క ఫోటో బయటికి తీయండి. ఇంట్లో అందరికంటే పెద్దవారి చేతిలో పెట్టి, ఫోన్‌లో రికార్డింగు నొక్కి, "ఈయన ఎవరవ్వా?" అని అడగండి. వెనక రాసింది పిల్లల చేత పైకి చదివించండి. వారికి రాకపోతే, ఆ అక్షరాలు నేర్పించడం అక్కడినుంచే మొదలుపెట్టవచ్చు.