స్టార్టరు పెట్టెలో రెండు లోహాల పట్టీ

మా వజ్రకరూరు పేరు పేపర్లకెక్కేది తొలకరికే. నాలుగు వానలు పడితే చాలు, ఎక్కడెక్కడి జనమో వచ్చి చేలల్లో వజ్రాలు వెతుక్కుంటారు. మోటరు మెకానిక్కుని కాబట్టి నా ముందుకొచ్చేవి మాత్రం బోరు స్టార్టర్లే. వాటిలో వజ్రానికన్నా నాకు వింతగా తోచేది ఓవర్‌లోడ్ రిలే లోపలుండే బైమెటల్ పట్టీ.

రిలే విప్పితే ఫేజుకొకటి చొప్పున మూడు పట్టీలుంటాయి. చూడ్డానికి ఒకే రేకు, నిజానికి రెండు లోహాలు. ఒకవైపు వేడికి బాగా సాగే లోహం. రెండోవైపు సాధారణంగా ఇన్వార్, అంటే ఇనుములో 36 శాతం నికెల్ కలిపినది. మామూలు వేడికి అది సాగీ సాగనట్టే ఉంటుంది. 1896లో దాన్ని కనిపెట్టిన గియోమ్‌కు 1920లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ రెంటినీ అతికించడానికి జిగురు వాడరు, రివెట్టు కొట్టరు. రేకుల జిడ్డు కడిగి, వైరు బ్రష్షుతో గీకి, ఒకదానిమీద ఒకటి పెట్టి బలమైన రోలర్ల మధ్యకు తోస్తారు. ఒక్క నొక్కుడుకే మందం సగానికో, ఇంకా కిందికో దిగుతుంది. అలా సాగేటప్పుడు పైనున్న ఆక్సైడు పొర పగిలి, ఆ పగుళ్లలోంచి కొత్త లోహం బయటికొస్తుంది. గాలి సోకని ఆ లోహాలు నేరుగా కలుసుకుని ఒకటవుతాయి. తర్వాత సన్నగా కాల్చి ఆ అతుకును గట్టిపరుస్తారు. అన్ని జతలకూ ఒకే కాల్పు పనికిరాదు. రాగి-అల్యూమినియం జతను ఎక్కువ కాలిస్తే మధ్యలో పెళుసు పొర ఏర్పడి ఊడిపోతుంది.

ఇంత గట్టిగా అతకడంలోనే ఉంది కిటుకు. 40 మిల్లీమీటర్ల ఇత్తడి పట్టీని 60 డిగ్రీలు వేడి చేస్తే అది సాగేది మిల్లీమీటరులో ఇరవయ్యో వంతే. అదే ఇత్తడి ఇన్వార్‌తో అతికి, మొత్తం ఒక మిల్లీమీటరు మందముంటే, కొస మిల్లీమీటరుకు పైగా పక్కకు వంగుతుంది. కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి ముందుకు ఉరికితే బండి రెండోదాని వైపు తిరిగినట్టన్నమాట. మందం సగం చేస్తే వంపు రెట్టింపు.

వంటింట్లో ట్రైప్లై గిన్నె కూడా ఇలా తయారైనదే. అక్కడ మాత్రం వంపు పనికిరాదు. మధ్యలో అల్యూమినియం పెట్టి రెండువైపులా స్టీలు వేస్తారు కాబట్టి అటు లాగుడు, ఇటు లాగుడు చాలావరకు సరిపోతాయి.

మళ్లీ బోరు దగ్గరికొద్దాం. ఒక ఫేజు పోయినా, మోటరు బిగుసుకున్నా ఆంపియర్లు పెరుగుతాయి. ఆ కరెంటుకు పట్టీ వేడెక్కి వంగి, మీటను నెట్టి స్టార్టరును ఆపేస్తుంది. ఎండాకాలంలో ఇంకో తంటా. మిట్టమధ్యాహ్నం ఇనుప పెట్టె కాలిపోతుంటే కొన్ని రిలేలు ముందే ట్రిప్పవుతాయి. ఆ ఎండ వేడిని సరిచేసుకునేందుకు మంచి రిలేల్లో ఇంకో బైమెటల్ పట్టీ పెడతారు.

"ఊరికే ట్రిప్పవుతోంది, రిలే పీకేసి డైరెక్టు ఇచ్చెయ్యన్నా" అంటారు రైతులు. నేను ఇవ్వను. ముందు ఆంపియర్లు చూస్తాను.

ఈ పట్టీ చేయలేని పని కూడా ఒకటుంది. బోరులో నీళ్లడుగంటి మోటరు ఉత్తగా తిరిగితే ఆంపియర్లు పెరగవు, తగ్గుతాయి. పట్టీ కదలదు. నీళ్ల చల్లదనం లేక మోటరు కాలిపోతుంది. మా మెట్టలో రిలే ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉండేది ఇక్కడే. రిలే తీయించకండి, పెట్టెకు నీడ కట్టండి, నీళ్లు తగ్గే బోరైతే డ్రై రన్ ప్రివెంటర్ విడిగా పెట్టించుకోండి.