రాగితీగ మంట, సున్నపు బట్టీ

2026 ఏప్రిల్ 1 నుంచి అమలుకు నిర్దేశించిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు పెయింటు డబ్బాలను, బల్బులను, పాదరసపు థర్మామీటర్లను, మిగిలిపోయిన మందులను ఇంటి చెత్తలో ప్రత్యేక జాగ్రత్త అవసరమైన వర్గంగా వేరుచేశాయి. చెత్త నుంచి తయారైన ఇంధనం వాటాను సిమెంటు కర్మాగారాలు తాము వాడే మొత్తం ఇంధనంలో ఆరేళ్లలో 5 శాతం నుంచి 15 శాతానికి పెంచాలని కూడా నిర్దేశించాయి. పల్నాటి సున్నపురాయిని నమ్ముకుని 1958లోనే కె.సి.పి. సిమెంటు కర్మాగారం వెలసిన మాచర్లకు ఈ రెండో నిర్దేశం దగ్గరి సంగతి. చెత్తను కాల్చడమంటేనే విషం చిమ్మడమని ఎరిగినవారికి, సిమెంటు బట్టీలో కాలిస్తే మాత్రం తేడా ఏమిటన్న సందేహం రాక మానదు.

ఆ తేడా తెలియాలంటే ముందు పాత వైర్ల మంటను చూడాలి. పనికిరాని మిక్సీలు, టీవీలు, ఛార్జర్ల నుంచి పీకిన వైర్లను రాగి కోసం తగలబెట్టినప్పుడు తొడుగు కరిగి బొట్లుబొట్లుగా కారుతుంది, నల్లటి పొగ లేస్తుంది, మంట అంచున ఆకుపచ్చ ఛాయ మెరుస్తుంది. ఆ పచ్చదనం రాగి, క్లోరిన్ కలిశాయనడానికి గుర్తు. 1872లో బైల్‌స్టైన్ అనే రసాయన శాస్త్రవేత్త దీనినే పరీక్షగా మలిచాడు. తొడుగుగా వాడే పీవీసీ అసలు పదార్థపు బరువులో సగానికి పైగా క్లోరినే. వేడికి అది హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుగా విడుదలై రాగిని క్లోరైడుగా మారుస్తుంది. ఆ రాగి క్లోరైడు ఉత్ప్రేరకంగా, అంటే చర్యను వేగవంతం చేసే మధ్యవర్తిగా, పొగమసిలోని కర్బనానికి క్లోరిన్‌ను అందిస్తుంది. పొగ 450 నుంచి 200 డిగ్రీల సెల్సియస్‌కు చల్లారే దారిలో, రెండు బెంజీన్ వలయాలను ఆక్సిజన్ వంతెనలతో కలిపి వాటికి క్లోరిన్ తగిలించిన డయాక్సిన్లు పుడతాయి. ముడిసరుకు, ఉత్ప్రేరకం, కావలసిన వేడి మూడూ ఆ చిన్న కుప్పలోనే అమరడం రసాయన శాస్త్రం దృష్టిలో అద్భుతమే, ఊపిరితిత్తులకే ఆ అద్భుతం గిట్టదు.

డయాక్సిన్లు ఎక్కడ పుడతాయన్న దగ్గర నిపుణులు సైతం పొరబడ్డారు. 1977లో ఓలీ, హుట్జింగర్ బృందం నెదర్లాండ్స్ చెత్త దహనశాలల బూడిదలో డయాక్సిన్లను కనుగొన్నప్పుడు, అవి చెత్తతోపాటే వచ్చి మంటకు చావక మిగిలాయన్న ఊహ వినిపించింది. 1986లో ఫోగ్, స్టీగ్లిట్స్ అటువంటి బూడిదనే 300 డిగ్రీల వద్ద వేడిచేసి చూడగా డయాక్సిన్లు తరగకపోగా పెరిగాయి. నేరం మంటది కాదు, చల్లారే దారిదని దానితో తేలింది.

సిమెంటు బట్టీలో మంట 2000 డిగ్రీలకు చేరుతుంది, వాయువులు కొన్ని సెకన్లపాటు 1200 డిగ్రీలకు మించిన వేడిలో, మిగులు ఆక్సిజన్ నడుమ ఉండటంతో కర్బన అణువులు విచ్ఛిన్నమవుతాయి. అంతకన్నా ముచ్చటైనది సున్నం పాత్ర: ఎదురుగా వచ్చే సున్నపుపొడి ఆమ్ల వాయువైన హైడ్రోజన్ క్లోరైడ్‌ను పట్టి కాల్షియం క్లోరైడుగా మార్చడంతో, పొగ చల్లారే వేళకు డయాక్సిన్ల తయారీకి క్లోరిన్ కరువవుతుంది. 1970ల నడుమ కెనడాలోని మిసిసాగా బట్టీలో క్లోరిన్‌తో నిండిన వ్యర్థాలను కాల్చి ఈ సామర్థ్యాన్ని పరీక్షించారు. అయితే క్లోరిన్ మోతాదు మించితే లవణాలు పేరుకుని బట్టీ దారులు పూడుకుపోతాయి, సిమెంటులో చేరిన క్లోరైడు కాంక్రీటులోని ఇనుమును తుప్పు పట్టిస్తుంది; కాబట్టి సిమెంటు ఇంజనీర్లు పీవీసీని ఇష్టపడరు.

పాదరసం దగ్గర మాత్రం సున్నం ఓడిపోతుంది. అది 357 డిగ్రీలకే మరిగి, గట్టిపడే సిమెంటు గుళికల్లో ఇమడక పొగగొట్టం వైపు సాగిపోతుంది. ట్యూబ్‌లైట్లను, థర్మామీటర్లను బట్టీకి పంపకూడదనడానికి కారణం ఇదే. ఎలక్ట్రానిక్ పరికరాలను, విడదీయని బ్యాటరీలను కూడా పంపరాదని బాసెల్ ఒప్పందపు 2011 మార్గదర్శకాలు చెబుతున్నాయి, పైగా వాటిలోని రాగి, బంగారం సిమెంటులో కలిసి వృథా అవుతాయి. పనికిరాని ఎలక్ట్రానిక్ పరికరాల రీసైక్లింగ్ బాధ్యతను 2023 ఏప్రిల్ నుంచి అమలైన ఈ-వ్యర్థాల నియమాలు తయారీదారుల నెత్తిన పెట్టాయి. కానీ పాత సామాను కొనే తోపుడుబండి గడప ముందుకు వచ్చి డబ్బు చేతిలో పెడుతుంటే, పాత ఫోనుకు పైసా ఇవ్వని సేకరణ కేంద్రాన్ని వెతుక్కుంటూ వెళ్లమనడం కాగితం మీద రాసినంత తేలిక కాదు.