రజులా: రాకపోకలు నిలబెట్టిన భాష

పాత ఓడ చరిత్ర అనగానే పొడవు, బరువు, ఇంజన్ల బలం లెక్కపెడతారు. రజులా విషయంలో ముందు చూడాల్సింది డెక్కు. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ కోసం 1926లో గ్లాస్గోలోని బార్‌క్లే కర్ల్ సంస్థ కట్టిన ఈ స్టీమరులో గదులు తీసుకొని వెళ్లేవాళ్లు కొద్దిమందే. డెక్కు మీద చాప పరుచుకొని వెళ్లేందుకు మాత్రం మొదట్లో ఐదు వేల మందికి పైగా అనుమతి ఉండేది. మద్రాసు, నాగపట్నం, పెనాంగ్, నేటి పోర్ట్ క్లాంగ్, సింగపూర్ రేవులను కలుపుతూ, యుద్ధకాలంలో తప్ప, ఈ ఓడ 1970ల దాకా తిరిగింది. మలయా రబ్బరు తోటలకు వెళ్లిన తెలుగు కూలీల చరిత్రలో ఈ దారికి తగిన చోటు ఇంకా దక్కలేదు. ఎందుకంటే మనం వలసను ఒకవైపు ప్రయాణంగానే చూస్తాం. రజులా రెండు వైపులా నడిచిన ఓడ.

కూలీలను చేరవేసే యంత్రాన్ని ఇంతగా తలచుకోవాలా అని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. 1907లో తోటల యజమానుల నుంచి వసూలు చేసిన సొమ్ముతో ఏర్పడిన నిధి టిక్కెట్టు ఖర్చు భరించేది. ఊళ్ల నుంచి మనుషులను కూడగట్టే పని కంగాణీది. మద్రాసు నుంచి వెళ్లేవాళ్లకు ఆవడి వలస శిబిరం దాటితేనే ఓడ. 1930 తర్వాత రబ్బరు ధర కూలగానే పని పోయినవాళ్లను వేల సంఖ్యలో ఇదే దారిన వెనక్కి పంపేశారు. తిరుగు ప్రయాణం కూడా యజమానుల అవసరానికే నడిచిన రోజులవి. అయినా మలయాలో భారతీయుల ఒప్పంద కూలీ విధానం 1910లోనే ముగియడంతో, ఆ తర్వాత వెళ్లినవాళ్లను ఏళ్ల తరబడి కట్టిపడేసే కాగితం లేకపోయింది. 1938లో భారత ప్రభుత్వం కూలీల వలసను ఆపేసినా బంధుత్వాలు ఆగలేదు.

ఓడలో ఎక్కువమంది తమిళులే కదా, ఇది వాళ్ల కథ కాదా అన్నది ఇంకో అభ్యంతరం. ఎక్కువమంది వాళ్లే, నిజం. ఆ గుంపులో కలిసిపోయినందుకే తెలుగువాళ్ల కథను విడిగా వెతకాలి. పోలికకు ఫిజీని చూడండి. అక్కడికి ఒప్పంద కూలీల ఓడలు 1916తో ఆగిపోయాయి. అక్కడి తెలుగు ఇళ్లలో క్రమంగా హిందీ స్థిరపడింది. మలయాలో మాత్రం 1955లో తెలుగువాళ్లు తమ సంఘం పెట్టుకున్నారు. తోటల్లో ఒకేచోట బతకడం, బడులు కూడా భాషను కాపాడాయి. ఓడ ఒక్కటే కారణమనలేం. కానీ సొంతూరితో రాకపోకలు ఉన్నప్పుడే భాష ఇంటి అవసరంగా మిగులుతుంది.

ఈ మాట సముద్రానికి ఎంతో దూరాన, పావగడ తాలూకాలో ఉన్న మంగళవాడ ఊరికీ వర్తిస్తుంది. ఆ తాలూకా కర్ణాటకలో ఉన్నా చుట్టూ ఎక్కువ భాగం ఆంధ్ర నేలే. బడిలో, ఆఫీసులో కన్నడం నడుస్తున్నా ఇంట్లో తెలుగు నిలిచిందంటే, మడకశిర, హిందూపురం వైపు పెళ్లి సంబంధాలు, సంతలు, బస్సులు తెగకపోవడం వల్లే. మలయా తెలుగువాళ్లకు అలాంటి దారి రజులా.

దీని జంట ఓడ రోనా 1943 నవంబరు 26న అల్జీరియా తీరంలో జర్మన్ బాంబుకు మునిగింది. వెయ్యికి పైగా అమెరికన్ సైనికులు పోయారు. ఆ ఒక్క రోజు చరిత్రకెక్కింది. రజులాను 1973లో షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కొని రంగత్ అని పేరు మార్చింది. మరుసటి ఏడాది బొంబాయిలో విడగొట్టారు. మునిగిన ఓడ మృతుల లెక్క మిగిల్చింది. మునగని ఓడ మిగిల్చింది సముద్రానికి ఇరువైపులా బతికిన కుటుంబాలను. ఆ ఇళ్లలోని పాత టిక్కెట్లు, ఉత్తరాలు, పెద్దవాళ్ల జ్ఞాపకాలు ఇప్పుడే సేకరించాలి. రజులా చరిత్రకు అవే అసలు దస్తావేజులు.