పాత మోటారు కారులో ఐడిలింగు కవాటము

పాత పెట్రోలు కారు నిలిచినచోట వణకుటయు, తరచుగా ఆగిపోవుటయు కలదు. అట్టి సమయమున “ఐడిలింగు వాల్వును తీసివేసి రంధ్రమును మూసినచో పీడ విరగడ యగును” అను సలహా వినవచ్చును. పిల్లలను బడికి దింపు బండికి ఈ సలహా తగునా యని విచారింతము.

పెట్రోలు ఇంజనుకు గాలి త్రాటిలు పలక ద్వారమున పోవును. యాక్సిలరేటరుపైనుండి కాలు తీయగనే ఆ పలక మూసికొనును. అప్పుడు ఇంజను ఊపిరాడక ఆగిపోకుండుటకై పలక ప్రక్కగా సన్నని దారి నొకటి ఏర్పరచిరి. ఆ దారికి తలుపువంటిది ఈ కవాటము. ఇంజను చల్లగా నున్నప్పుడును, ఏ.సి. వేసినప్పుడును అది ఎక్కువగా తెరచుకొని, పిమ్మట తగ్గును. వేడెక్కిన ఇంజను నిమిషమునకు సుమారు 800 చుట్లు నిలుకడగా తిరుగుట దీని చలువయే.

విదేశములలో 1980, 1990 దశకముల నాటి టర్బో పెట్రోలు కార్లను పందెములకు సిద్ధపరచువారు దీనిని తీసివేయుట కలదు. టర్బో గాలిని బలముగా నెట్టునప్పుడు ప్రాతబడిన రబ్బరు గొట్టము చీలి గాలి కారిపోవును. గొట్టములు తగ్గిన కొలది ఆ బాధ తగ్గును. పందెపు బండి నిలుచుట అరుదు గనుక వారికి నష్టము స్వల్పము. మన దారులలో తిరుగు పాత టర్బో బండ్లు చాలవరకు డీజెలువి; వానిలో ఐడిలింగు వేగమును ఇంధనపు కొలతయే నిర్ణయించును.

సంసారపు బండి సంగతి వేరు. కవాటము లేనిచో స్క్రూ త్రిప్పి ఐడిలింగు వేగమును పెంచవలసి వచ్చును. ఎక్కువ పెంచిన పెట్రోలు వృథా యగును. గేరులో నున్న బండి ముందుకు త్రోయుచుండును. తక్కువైన ఏ.సి. వేయగనే ఇంజను ఆగును. పేర్నంబట్టునుండి వి. కోటకు పోవు కనుమదారివంటి చోట, క్లచ్చి నొక్కినప్పుడు ఇంజను ఆగెనేని ప్రమాదము. బ్రేకుకు సాయపడు శక్తి ఇంజను వలననే కలుగును. ఇంజను ఆగిన పిదప ఒకటి రెండు నొక్కులకే ఆ సాయము తీరి, బ్రేకు రాయివలె గట్టిపడును. పవరు స్టీరింగును బరువెక్కును.

కవాటము చెడుటకు తరచు కారణము మసి పేరుకొనుటయే. కావున ముందుగా మెకానిక్కుచే దానిని, త్రాటిలు పలకను శుభ్రము చేయింపుడు. రబ్బరు గొట్టములలో చీలికలును, తీగల అతుకులును చూపింపుడు. అప్పటికిని బాగుపడనిచో క్రొత్త కవాటము వేయింపుడు. దానిని మూసివేయుటకు మాత్రము ఒప్పుకొనవలదు.